కొండమీద ఇల్లు సరే, బ్యాటరీలు మార్చే డబ్బు పక్కన పెట్టారా?

వయసు 52, రిటైర్మెంట్ కోసం దాచినదాంట్లో సగం తీసి కొండమీద కరెంటు లైన్ లేనిచోట చిన్న ఇల్లు కట్టుకుంటాను, సోలార్ కొటేషన్ కూడా వచ్చింది, దీన్ని పెట్టుబడి అనుకోవచ్చా అని అడిగారు. అనుకోవద్దండి, ఇది ఖర్చే. అలాంటి ఇల్లు కొనేవాళ్లు తక్కువ, అమ్మాలంటే ఏళ్లు పట్టొచ్చు, కాబట్టి సగం మాత్రం తియ్యకండి, ఆ డబ్బు తిరిగి రాకపోయినా మీ రిటైర్మెంట్ తేదీ మారకూడదు, అంతే తియ్యండి.

కొటేషన్ పక్కన పెట్టి ముందు రోజుకి ఎన్ని యూనిట్లు కావాలో రాయండి. లైట్లు, చిన్న ఫ్రిజ్, పంపు, ల్యాప్‌టాప్ కలిపి 4 యూనిట్లు అనుకుందాం, మూడు రోజులు మబ్బు పట్టిందంటే 12 కావాలి, లిథియం బ్యాటరీలో 80 శాతం వాడుకుంటే 15 యూనిట్లది సరిపోతుంది, లెడ్ యాసిడ్ బ్యాటరీ అయితే సగానికి మించి చార్జ్ వాడకూడదు కాబట్టి 24. ఇప్పుడు దీనికి 2 కిలోవాట్ల రూమ్ హీటర్ రోజుకి 5 గంటలు కలిపి చూడండి, రోజుకి 14 యూనిట్లు, మూడు రోజులకి 42, లిథియం అయినా 52 దాటిపోయింది! ఒక్క హీటర్ కోసం మూడున్నర రెట్ల బ్యాటరీ, పైగా చలికాలంలో ఎండ ఉండేదే తక్కువ. అందుకే ఇల్లు చిన్నగా కట్టి గోడలకీ పైకప్పుకీ వేడి బయటికి పోకుండా ఆపే మంచి ఇన్సులేషన్ వేయించండి అని మరీ మరీ చెప్తున్నా, అది ఒకసారి పెట్టే ఖర్చు, బ్యాటరీ మళ్లీ మళ్లీ కొనాల్సింది. వెచ్చదనానికి పొగగొట్టం ఉన్న కట్టెల పొయ్యి పెట్టుకోండి.

ప్యానెళ్లు 25 ఏళ్లు పనిచేస్తాయి, కానీ లిథియం బ్యాటరీని పదేళ్లకే లెక్కేసుకోండి, ఇన్వర్టర్ కూడా దాదాపు అంతే. ఆ రెండింటి ధరలో పదోవంతు ఏటా వేరే ఖాతాలో వెయ్యండి, దాన్ని ఇంకే అవసరానికీ ముట్టుకోవద్దు. ఇంకోటి, లిథియం బ్యాటరీని సున్నా డిగ్రీల కింద చార్జ్ చేస్తే పాడైపోతుంది, బయట షెడ్డులో కాకుండా ఇంట్లోనే చోటివ్వండి.

నీళ్లకి లెక్క సులువే, చదరపు మీటరు పైకప్పు మీద 1 మిల్లీమీటరు వాన పడితే 1 లీటరు, వానలు లేని నెలలకి సరిపడా ట్యాంకు కట్టాలి.

అడ్వాన్స్ ఇచ్చేముందు దారి హక్కు రాతపూర్వకంగా ఉందో లేదో లాయరుతో చూపించండి, పక్కవాళ్ల పొలంలోంచి మాటమీద నడిచే దారి అయితే వదిలేయండి. వీలైతే అక్కడే దగ్గర్లో అద్దెకి తీసుకుని చలికాలం ఒక నెల ఉండి రండి, యూనిట్ల లిస్టు అక్కడే రాయండి, దాంతో కొత్త కొటేషన్ తెప్పించి నాకు పంపండి, ఎంత తియ్యొచ్చో అప్పుడు లెక్క కడదాం.