టెక్ సందేహాలు: పుస్తకంలో (1, 1), కంప్యూటర్‌లో 0.7071... ఏది రైటు?

ఈ వారం ఉత్తరాల్లో ఫోన్ల ఊసే తక్కువ. రాసినవాళ్లంతా బీటెక్, బీఎస్సీ మొదటి ఏడాది పిల్లలు, లేదంటే వాళ్ల అమ్మానాన్నలు. మిడ్ పరీక్షలు దగ్గర పడ్డట్టున్నాయి. జేఎన్‌టీయూహెచ్ సిలబస్‌లో మొదటి ఏడాదే ‘మ్యాట్రిసెస్ అండ్ కాల్‌క్యులస్’ ఉంది. అయిదు యూనిట్లలో మొదటి రెండూ లీనియర్ ఆల్జీబ్రావే. ఇంటర్‌లో 3×3 డిటర్మినెంట్లు అలవోకగా చేసినవాళ్లు కూడా ర్యాంకు, ఐగెన్ వెక్టర్ అనేసరికి సాఫ్ట్‌వేర్ వైపు చూస్తున్నారు. చూడటంలో తప్పు లేదు. చిక్కల్లా అది ఇచ్చే జవాబు పుస్తకంలో ఉన్నట్టు కనబడకపోవడమే.

ప్రశ్న: మొదటి వరుస 4, 1, రెండో వరుస 2, 3 ఉన్న మ్యాట్రిక్స్‌కి చేత్తో చేస్తే ఐగెన్ విలువలు 5, 2 వచ్చాయి. వెక్టర్లు (1, 1), (1, −2). అదే పైథాన్‌లో లెక్కలు చేసే లైబ్రరీ నంపైలో వేస్తే విలువలు సరిగ్గానే వచ్చాయి కానీ, వెక్టర్ల దగ్గర పై వరుసలో 0.7071, −0.4472, కింది వరుసలో 0.7071, 0.8944 చూపిస్తోంది. నేనెక్కడ తప్పు చేశాను సార్?
– బీటెక్ విద్యార్థిని, కూకట్‌పల్లి

జవాబు: మీరూ తప్పు చేయలేదు, కంప్యూటరూ తప్పు చేయలేదు. మ్యాట్రిక్స్‌తో గుణించినా తన గీత మీదే ఉండే వెక్టర్ ఐగెన్ వెక్టర్, అది ఎన్ని రెట్లయిందో చెప్పే సంఖ్య ఐగెన్ విలువ. కాబట్టి ఇందులో లెక్కలోకి వచ్చేది దాని దిశ. (1, 1) ఎంత సరైనదో (2, 2), (−7, −7) కూడా అంతే సరైనవి. వీటిలో ఒకదాన్ని ఎంచుకోవాలి కాబట్టి నంపై పొడవు 1 ఉన్నదాన్ని తీసుకుంటుంది. (1, 1) పొడవు √2. దానితో భాగిస్తే రెండూ 0.7071 అవుతాయి. (1, −2) పొడవు √5. భాగించి గుర్తు తిప్పితే −0.4472, 0.8944. గుర్తు తిరగబడినా దిశ ఆ గీత మీదే ఉంటుంది కాబట్టి ఇబ్బంది లేదు.

అసలు జాగ్రత్త పడాల్సింది వేరే చోట. నంపై వెక్టర్లను నిలువు వరుసల్లో పేరుస్తుంది. చాలామంది అలవాటు కొద్దీ అడ్డంగా చదివి 0.7071, −0.4472ని ఒక వెక్టర్ అనుకుంటారు. అది ఈ మ్యాట్రిక్స్‌కి ఐగెన్ వెక్టరే కాదు. పై నుంచి కిందికి చదవండి.

రెండో యూనిట్ చివర క్వాడ్రాటిక్ ఫామ్‌ని (x², xy లాంటి పదాలే ఉండే సమాసాన్ని) ఆర్థోగొనల్ పద్ధతిలో కుదించే లెక్క వస్తుంది. అక్కడ పరీక్ష పేపరే పొడవు 1 ఉన్న వెక్టర్లు కావాలంటుంది, అంటే కంప్యూటర్ ఇచ్చే రూపమే. సిమెట్రిక్ మ్యాట్రిక్స్ అయితే నంపైలో ‘ఐగ్’ ఫంక్షన్ బదులు ‘ఐగ్‌హెచ్’ వాడండి. వెక్టర్లు ఒకదానికొకటి లంబంగా ఉండేలా అదే చూసుకుంటుంది.

ప్రశ్న: మా అమ్మాయికి ఏఐ, ఎంఎల్ బ్రాంచి వచ్చింది. సికింద్రాబాద్‌లో ఒక దుకాణంలో అడిగితే మ్యాట్రిక్స్ లెక్కలకు గ్రాఫిక్స్ కార్డు ఉన్న గేమింగ్ ల్యాప్‌టాపే కొనాలన్నారు. నిజమేనా?
– ఒక తండ్రి, ఉప్పల్

జవాబు: మొదటి ఏడాదికి అక్కర్లేదండీ. మీ అమ్మాయి పరీక్షలో చేసేవి 3×3, 4×4. కాసేపు 1000×1000 మ్యాట్రిక్స్ అనుకుందాం. అందులో 10 లక్షల సంఖ్యలు, ఒక్కోదానికి 8 బైట్లు, మొత్తం 8 ఎంబీ. వాట్సాప్‌లో వచ్చే పెళ్లి వీడియో దానికంటే పెద్దదే ఉంటుంది. అంతటి ఈక్వేషన్ల గుంపును గాస్ ఎలిమినేషన్‌తో సాధించడానికి దాదాపు 67 కోట్ల చిన్న లెక్కలు పడతాయి. మామూలు ల్యాప్‌టాప్ ఆ పని సెకను లోపే ముగిస్తుంది. 8 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ ఉన్నది తీసుకోండి. మూడో ఏడాదిలో పెద్ద ప్రాజెక్టులకు గ్రాఫిక్స్ కార్డు అవసరమైతే గూగుల్ కొలాబ్‌లో పరిమితంగా ఉచితంగానే దొరుకుతుంది. మిగిలిన డబ్బు హాస్టల్ ఫీజుకి పనికొస్తుంది.

ప్రశ్న: 1 నుంచి 9 వరకు వరుసగా పేర్చిన 3×3 మ్యాట్రిక్స్‌కి డిటర్మినెంట్ సున్నా అని మా లెక్చరర్ చెప్పారు. నా కంప్యూటర్‌లో 6.66×10⁻¹⁶ వచ్చింది. పైగా లేని ఇన్వర్స్‌ని కూడా ఇచ్చేసింది, అందులో అన్నీ రాక్షస సంఖ్యలు! ఏది నమ్మాలి?
– బీఎస్సీ విద్యార్థి, తార్నాక

జవాబు: లెక్చరర్‌ని నమ్మండి. రెండో వరుసలోంచి మొదటిది తీసేస్తే 3, 3, 3. మూడో దాంట్లోంచి రెండోది తీసేసినా 3, 3, 3. రెండు వరుసలు ఒకటే అయిపోయాయి కాబట్టి డిటర్మినెంట్ కచ్చితంగా సున్నా, ర్యాంకు (మిగతా వరుసల నుంచి రాబట్టలేని వరుసల సంఖ్య) 2.

మరి కంప్యూటర్‌కి ఏమైంది? మీరు పై వరుసలోని 1తో మొదలుపెడతారు, భిన్నాలు రాకుండా హాయిగా ఉంటుందని. కంప్యూటర్ మాత్రం మొదటి నిలువు వరుసలో అన్నిటికంటే పెద్దదైన 7ని పైకి తెచ్చుకుంటుంది. మామూలుగా అది మంచి అలవాటే, పెద్ద లెక్కల్లో పొరపాట్లు పేరుకుపోకుండా కాపాడుతుంది. కానీ ఇక్కడ దానివల్ల 1/7, 4/7 వచ్చిపడతాయి. ఆ భిన్నాలు బైనరీలో ఎక్కడా ముగియవు. దాదాపు 16 అంకెల దగ్గర కత్తిరించక తప్పదు. ఆ కత్తిరింపు తాలూకు మిగులే మీకు కనిపించిన 10⁻¹⁶. ఇన్వర్స్ కోసం దాంతో భాగించేసరికి 10¹⁵ స్థాయి సంఖ్యలు పుట్టుకొస్తాయి. మీ స్నేహితుడి కంప్యూటర్‌లో ఇదే లెక్కకి సున్నా వచ్చినా, మైనస్ గుర్తుతో వేరే సంఖ్య వచ్చినా ఆశ్చర్యపోకండి. వెనక పనిచేసే లైబ్రరీని బట్టి అది మారుతుంది.

అందుకే ‘డిటర్మినెంట్ సున్నాకి సమానమా?’ అని ప్రోగ్రాములో ఎప్పుడూ అడగొద్దు. నంపైలో ‘మ్యాట్రిక్స్ ర్యాంక్’ అనే ఫంక్షన్ ఉంది, అది ఇలాంటి అతి చిన్న మిగులును సున్నాగానే తీసుకుని 2 అని చెబుతుంది. పుస్తకంలోలాగే భిన్నాలతో జవాబు కావాలంటే సింపై అనే మరో పైథాన్ లైబ్రరీ వాడండి. అది 1/7ని 1/7గానే ఉంచుకుంటుంది. నెమ్మదిగా నడుస్తుంది, మన సైజు లెక్కలకు అదేం తెలియదు.

ఇన్వర్స్ లేని మ్యాట్రిక్స్‌తో కూడా పని జరగాలంటే ‘పిన్వ్’ అని మరో ఫంక్షన్ ఉంది. దాని వెనకున్న జనరలైజ్డ్ ఇన్వర్స్ సిద్ధాంతంలో మన తెలుగువాడు, గణాంక శాస్త్రవేత్త సి.ఆర్.రావు చేసిన కృషి చాలా ఉంది. గచ్చిబౌలిలో ఆయన పేరుతో ఉన్న రోడ్డు మీద ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు తలచుకోవడానికి మంచి విషయం.

ప్రశ్న: నా దగ్గర కాసియో ఎఫ్‌ఎక్స్-991 ఈఎస్ ప్లస్ కాలిక్యులేటర్ ఉంది. అందరూ కొత్త సీడబ్ల్యూ మోడల్ కొంటున్నారు. ఐగెన్ విలువల కోసం నేనూ మారాలా?
– దిల్‌సుఖ్‌నగర్

జవాబు: దానికోసమైతే వద్దు. మీది 3×3 వరకు, కొత్తది 4×4 వరకు మ్యాట్రిక్స్ చేస్తుంది. ఐగెన్ విలువలు అడిగితే నేరుగా ఇచ్చే మీట రెండింటిలోనూ లేదు. అయితే మీ పాత దాంట్లో క్యూబిక్ ఈక్వేషన్ సాధించే మోడ్ ఉంది, అది చాలు.

అందరి పుస్తకాల్లోనూ కనిపించే లెక్క తీసుకుందాం: వరుసలు (8, −6, 2), (−6, 7, −4), (2, −4, 3). వికర్ణం మొత్తం 18. వికర్ణం మీది మూడు 2×2 మైనర్లు (చిన్న డిటర్మినెంట్లు) 20, 20, 5, కలిపితే 45. డిటర్మినెంట్ కాలిక్యులేటర్‌లోనే చూస్తే 0. కాబట్టి ఐగెన్ విలువను λ అనుకుంటే ఈక్వేషన్ λ³ − 18λ² + 45λ = 0. మోడ్‌లో 1, −18, 45, 0 కొట్టండి. మూలాలు 0, 3, 15. కలిపితే మళ్లీ 18 రావాలి, వచ్చింది. పేపర్ మీద మాత్రం స్టెప్పులన్నీ రాయాల్సిందే. హాల్లోకి ఏ మోడల్ అనుమతిస్తారో ముందే కాలేజీలో కనుక్కోండి.

ప్రశ్న: ఏఐ చాట్‌బాట్‌ని అడిగితే ఎకిలాన్ ఫామ్ ఒకలా, ఫోటో తీసి లెక్క చేసే యాప్‌లో ఇంకోలా వస్తోంది. నాది ఈ రెండూ కాదు! చాలా టెన్షన్‌గా ఉంది.
– మేడ్చల్

జవాబు: టెన్షన్ వద్దు. వరుసల్లోంచి వరుసలు తీసేస్తూ మ్యాట్రిక్స్‌ని మెట్ల ఆకారంలోకి తెస్తే అది ఎకిలాన్ రూపం. ఒక మ్యాట్రిక్స్‌కి అలాంటివి ఎన్నో ఉంటాయి. మీరు ముందు ఏ వరుసను పట్టుకున్నారన్న దాన్ని బట్టి మారతాయి. మూడింటిలోనూ సున్నా కాని వరుసల సంఖ్య ఒకటేనా చూసుకోండి, అదే ర్యాంకు. ఇంకా అనుమానముంటే మూడింటినీ రెడ్యూస్డ్ ఎకిలాన్ వరకు తీసుకెళ్లండి. అది మాత్రం ఎవరు చేసినా ఒక్కటే రావాలి. రాకపోతే ఎవరో ఒకరు తప్పారు. చాట్‌బాట్ అయ్యుండే అవకాశం బాగానే ఉంది. మైనస్‌ల దగ్గర తడబడి కూడా ధీమాగా రాసేస్తుంది. అది ఇచ్చిన x, y, z విలువలను అసలు ఈక్వేషన్లలో పెట్టి చూడకుండా రికార్డులోకి ఎక్కించొద్దు.

ప్రశ్న: ల్యాప్‌టాప్ లేదు, ఫోనే ఉంది. ఐగెన్ వెక్టర్ అంటే ఏమిటో కళ్లకు కనబడే మార్గం ఉందా?
– ఎల్‌బీ నగర్

జవాబు: జియోజీబ్రా యాప్ ఉచితం. కోణానికి ఒక స్లైడర్ పెట్టి, దాని కొసైన్, సైన్‌లతో ఒక బిందువు గీయండి. ఆ బిందువును మ్యాట్రిక్స్‌తో గుణించి రెండో బిందువు తెప్పించండి. రెండింటికీ మూలబిందువు నుంచి బాణాలు గీసి స్లైడర్ జరపండి. కూకట్‌పల్లి అమ్మాయి అడిగిన మ్యాట్రిక్సే వేస్తే, బాణాలు రెండూ ఎటో ఒకటి తిరుగుతూ 45 డిగ్రీల దగ్గర ఒకే గీత మీదికి వస్తాయి. రెండోది అయిదు రెట్ల పొడవుంటుంది. మళ్లీ 116.6 డిగ్రీల దగ్గర కలుస్తాయి, ఈసారి రెండు రెట్లు. అయిదు నిమిషాల పని, తప్పకుండా చేయండి. వీడియో పాఠాలు కావాలంటే ఎన్‌పీటీఈఎల్‌లోనూ, ఎంఐటీ ఓపెన్‌కోర్స్‌వేర్‌లోనూ ఉచితంగా ఉన్నాయి. ఎంఐటీలో గిల్బర్ట్ స్ట్రాంగ్ 1999లో చెప్పిన పాఠాలు ఇప్పటికీ తాజాగా ఉంటాయి, కాకపోతే మన సిలబస్ వరుసలో ఉండవు. మిడ్‌కి ముందు రోజు మొదలుపెట్టే సరుకు కాదు.

ప్రశ్న: నంపైలో నక్షత్రం గుర్తుతో రెండు మ్యాట్రిక్స్‌లను గుణిస్తే తప్పు జవాబు వస్తోంది.
– ఘట్‌కేసర్

జవాబు: ఆ గుర్తు ఏ స్థానంలోని సంఖ్యను ఆ స్థానంలోని సంఖ్యతోనే గుణిస్తుంది. మ్యాట్రిక్స్ గుణకారానికి @ గుర్తు వాడండి. 2015లో పైథాన్ 3.5తో అది వచ్చింది. ల్యాబ్‌లోని పాత ప్రోగ్రాముల్లో దాని బదులు ‘డాట్’ అని ఉంటే మార్చనక్కర్లేదు, మామూలు మ్యాట్రిక్స్‌లకు రెండూ ఒకే జవాబిస్తాయి.