భూమి వేడెక్కితే ధ్రువప్రాంతపు సీతాకోకచిలుకకు మేలేనా?

ప్రశ్న: మా పెరట్లో కరివేపాకు చెట్టు మీద పెరిగే సీతాకోకచిలుకలు పుష్యమాసంలో ఎండపొడ తగిలేదాకా కదలవు. మరి గ్రీన్‌లాండ్ వంటి మంచుదేశాల్లో సీతాకోకచిలుకలు ఎలా బతుకుతున్నాయి? భూమి వేడెక్కుతోందంటున్నారు, అది వాటికి సుఖమే కదా?
– ఒక పాఠకురాలు, అంబాజీపేట

జవాబు: మీరు గమనించిన విషయంలోనే సగం జవాబు ఉన్నది. రెక్కలాడించే కండరాలు దాదాపు 30 డిగ్రీల దాకా వేడెక్కితే గాని సీతాకోకచిలుక చక్కగా ఎగరలేదు. కోనసీమలో ఏడాదిలో చాలా రోజులు ఆ వేడిని గాలే ఇస్తుంది. గ్రీన్‌లాండ్‌లో దానిని ఎండ నుంచి సంపాదించుకోవాలి. అక్కడి ఆర్కిటిక్ ఫ్రిటిలరీ అనే సీతాకోకచిలుకనే చూడండి. నారింజరంగు రెక్కల మీద నల్లని గీతలు, చుక్కలు ఉంటాయి. రెక్కల మొదళ్లు మరింత నల్లగా, ఒళ్లు నూగుతో ఉంటుంది. గాలి ఎంత చల్లగా ఉన్నా, నేలకు ఆనుకొని రెక్కలు పరుచుకొని కూర్చుంటే, ఆ నలుపు ఎండను పీల్చుకుంటుంది, ఆ నూగు వేడిని త్వరగా పోనివ్వదు. దాని పొరుగున ఉండే కోలియాస్ హెక్లా అనే మరో సీతాకోకచిలుక రెక్కలు మూసుకొని, వాటి అడుగుభాగాన్ని ఎండకు ఎదురుగా పెట్టి కాచుకుంటుంది. మబ్బు పట్టిందంటే రెండూ ఎగరడం మానేస్తాయి.

అంతకంటే ఆశ్చర్యకరమైనది గొంగళిపురుగు ఓర్పు. మన జిల్లేడు ఆకులు తినే పురుగు సుమారు నెల రోజుల్లో సీతాకోకచిలుక అవుతుంది. ధ్రువప్రాంతంలో మేత దొరికే వేసవి కొద్ది వారాలే కనుక, అక్కడి పురుగులలో చాలా వాటికి ఒక్క వేసవి చాలదు; అవి మంచు కింద నిద్రాణంగా శీతకాలం గడిపి, మరుసటి వేసవిలో మళ్లీ మేత మొదలుపెడతాయి. పైన పేరుకున్న మంచు బయటి గడ్డకట్టే గాలి నుంచి వాటిని కాపాడుతుంది.

ఇక మీ రెండవ ప్రశ్న. వేడి పెరిగితే సుఖమే అనిపించడం సహజం, కాని పరిశీలనలు అలా చెప్పడం లేదు. ఈశాన్య గ్రీన్‌లాండ్‌లోని జాకెన్‌బర్గ్‌లో 1996 నుంచి 2013 దాకా సేకరించిన వేలాది సీతాకోకచిలుకల రెక్కలను కొలిచి చూస్తే, గొంగళిపురుగులు పెరిగిన వేసవి ఎంత వెచ్చగా ఉంటే, పై రెండు జాతుల రెక్కలు అంత పొట్టిగా ఉన్నాయని 2015లో వెల్లడైంది. వేడికి పురుగు ఒంట్లో శక్తి వేగంగా ఖర్చవుతుందనీ, తిన్న తిండి ఆ ఖర్చుకు సరిపోక ఎదుగుదల తగ్గుతుందనీ పరిశోధకుల వివరణ. రెక్కలు చిన్నవైతే దూరం ఎగరడం, గుడ్లు పెట్టడం రెండూ తగ్గవచ్చు. ఆల్ప్స్ వంటి కొండలలోని చలిజాతులు చల్లదనం కోసం పైపైకి జరగగలవు, కాని శిఖరం దాటి ఎక్కడానికి చోటు లేదు; ఉత్తరాన గ్రీన్‌లాండ్ జాతులకైతే ఆపై సముద్రమే.