మెదడులో 4 మిల్లీమీటర్ల చుక్క కనిపిస్తే ఆగి చూడవచ్చా?

మీ ప్రశ్న నాకు ఇలా అర్థమైంది. అమ్మగారికి ఊపిరితిత్తుల క్యాన్సర్. మెదడు ఎంఆర్‌ఐలో 4 మిల్లీమీటర్ల చుక్క ఒకటి, 3 మిల్లీమీటర్లది ఒకటి కనిపించాయి, అంటే క్యాన్సర్ అక్కడికి పాకి కట్టిన చిన్న గడ్డలు. ఆమెకు తలనొప్పి కూడా లేదు. క్యాన్సర్ మాత్ర మొదలుపెట్టి ఎనిమిది వారాల తర్వాత మళ్లీ స్కాన్ చూద్దామని డాక్టరుగారు అన్నారు. బంధువులేమో ఇంకా ఆలస్యమెందుకు, తలకు రేడియేషన్ ఇప్పించండి అని ఒత్తిడి చేస్తున్నారు. ఆగితే తల్లికి అన్యాయం చేసినవాళ్లమవుతామా అని మీ బాధ.

నేను డాక్టరును కాను. గుంటూరులో బ్యాంకు ఉద్యోగం చేసుకుంటున్నాను. మూడేళ్ల కిందట మా అమ్మ రిపోర్టులో దాదాపు ఇవే మాటలు చదివి, ఆ రాత్రి వంటింట్లో నేల మీద కూర్చుని ఏడ్చాను. అందుకే మీకు రాస్తున్నాను. ఆగవచ్చు. కాకపోతే తేదీ వేసుకుని ఆగాలి. తర్వాతి స్కాన్ ఏ రోజు, ఏ యంత్రం మీద, ఆ రోజు చుక్క ఎంత పెరిగితే ఏం చేస్తారు అన్నది ఇప్పుడే డాక్టరుగారి నోట చెప్పించుకుని ఫైలులో రాసిపెట్టుకోండి. అలా ఆగితే అది వైద్యమే. ఏదీ రాసుకోకుండా, "బాగానే ఉంది కదా" అని రోజులు గడిపితే మాత్రం మీ బంధువుల భయమే నిజమవుతుంది.

అసలు ఆగడానికి ఎందుకు వీలుందో చెబుతాను. మెదడులోని రక్తనాళాల గోడలు చాలా బిగువుగా ఉంటాయి. రక్తంలో తిరిగే మందుల్లో చాలావాటిని అవి లోపలికి రానివ్వవు. పాత కీమో మందుల్లో చాలావాటికి అక్కడే అడ్డు తగిలేది. ఇప్పుడు వచ్చిన కొన్ని మాత్రలు ఆ గోడ దాటి వెళ్తాయి. మా అమ్మ జన్మలో పొగ తాగలేదు. బయాప్సీ ముక్క మీద చేసిన జన్యు పరీక్షలో ఈజీఎఫ్ఆర్ అనే జన్యువులో మార్పు ఉన్నట్టు తేలింది. పొగతాగని ఆడవాళ్లకు వచ్చే ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో ఈ మార్పు తరచుగా కనిపిస్తుందట. దానికి ఒసిమెర్టినిబ్ అనే మాత్ర, రోజుకు 80 మిల్లీగ్రాములు. ఏఎల్‌కే అనే మరో మార్పు ఉన్నవాళ్లకు అలెక్టినిబ్, లోర్లాటినిబ్ ఉన్నాయి. ఈ మందులు మెదడులోని చిన్న చుక్కలను కరిగించగలవు కాబట్టే, లక్షణాలు లేనివాళ్లలో ముందు మాత్రకు అవకాశం ఇచ్చి చూస్తారు. మొదటి నుంచే మాత్రతో పాటు రేడియేషన్ కూడా ఇచ్చే డాక్టర్లు ఉన్నారు. వాళ్లదీ తప్పని చెప్పలేం. అందుకని మీరు మొదట అడగవలసింది, అమ్మగారికి రాసిన మందు మెదడులోకి వెళ్తుందా అని. వెళ్లని మందయితే ఎనిమిది వారాలు ఆగడానికి అర్థం లేదు.

మేం చేసిన పొరపాటు మీరు చేయకూడదని దీన్ని వివరంగా రాస్తున్నాను. అమ్మకు 5 మిల్లీమీటర్లది ఒకటి, 3 మిల్లీమీటర్లది ఒకటి ఉండేవి. మాత్ర మొదలుపెట్టిన ఎనిమిది వారాలకు రెండో స్కాన్. హైదరాబాద్ దాకా తీసుకెళ్లి అమ్మను అలసట పెట్టడం ఎందుకని, ఇంటికి దగ్గరలో ఉన్న ఒక సెంటరులో తీయించాం. ఖర్చు కూడా తక్కువే. రిపోర్టులో మెదడులో ఏమీ లేదని రాశారు. తెనాలి దగ్గర మా ఊరి గుడిలో పొంగలి చేయించి పంచాం. నాలుగు రోజుల తర్వాత డాక్టరుగారు ఆ ఫిల్ములను వెలుగుకు పెట్టి చూసి, చాలాసేపు మాట్లాడలేదు. ఆ స్కానులో కాంట్రాస్ట్ ఇంజెక్షన్ ఇవ్వలేదు. మెదడును 5 మిల్లీమీటర్ల మందం పొరలుగా తీశారు. "బియ్యంలో రాయిని వెతకడానికి కంది జల్లెడ పట్టారమ్మా" అన్నారాయన. కాంట్రాస్ట్ మందు ఎక్కితేనే చిన్న గడ్డలు తెల్లగా వెలిగి కనబడతాయి. పొర ఒక మిల్లీమీటరు మందంలో ఉంటేనే 3 మిల్లీమీటర్ల చుక్క దొరుకుతుంది. మళ్లీ మొదటి చోటే తీయించాం. 5 మిల్లీమీటర్లది 2కు తగ్గింది, చిన్నది నిజంగానే మాయమైంది. వార్త మంచిదే. కానీ ఆ నాలుగు రోజులు మేం నమ్మినది మాత్రం నిజం కాదు. ఇంకోలా తేలి ఉంటే ఏమయ్యేదో అని ఇప్పటికీ గుండె జారుతుంది.

కాబట్టి ప్రతిసారీ అదే యంత్రం, అదే పద్ధతి, కాంట్రాస్ట్‌తో. దానికి ముందు రక్తంలో క్రియాటినిన్ పరీక్ష అడుగుతారు, మూత్రపిండాలు ఆ మందును బయటికి పంపగలవా లేదా చూసుకోవడానికి. పాత సీడీలన్నీ వెంట తీసుకెళ్లండి. పోయినసారి బొమ్మతోనే కాదు, మొట్టమొదటి బొమ్మతోనూ పోల్చమని అడగండి. నెమ్మదిగా పెరిగేది పక్కపక్క స్కానుల్లో తెలియదు. 3 నుంచి 4 అయిందని రాస్తే వెంటనే కంగారు పడకండి, ఒక మిల్లీమీటరు తేడా కొలతలోనే రావచ్చు. 4 నుంచి 8 అయితే మాత్రం రెట్టింపు అనుకోకూడదు. అడ్డకొలత రెట్టింపయితే గడ్డ పరిమాణం ఎనిమిది రెట్లు అయినట్టు. ఈ లెక్క తెలిశాక నేను రిపోర్టు చదివే తీరే మారిపోయింది.

పద్నాలుగో నెలలో రేడియేషన్ వంతు మాకూ వచ్చింది. ఛాతీలో అంతా నిలకడగా ఉంది, కానీ 2 మిల్లీమీటర్లకు తగ్గినది మళ్లీ 6 అయింది, చిన్నమెదడులో 4 మిల్లీమీటర్లది కొత్తగా వచ్చింది. అప్పుడు స్టీరియోటాక్టిక్ రేడియోసర్జరీ అన్నారు. సర్జరీ అన్న మాట వినగానే అమ్మ తల తడుముకుంది, జుట్టు తీసి కోస్తారేమోనని. కోత ఏమీ ఉండదు. 1951లో స్వీడన్‌కు చెందిన మెదడు శస్త్రవైద్యుడు లార్స్ లెక్సెల్ ఆ పేరు పెట్టారు. సన్నని కిరణాలను ఎన్నో దిక్కుల నుంచి పంపి ఒక్క బిందువు దగ్గర కలుపుతారు. దారిలో మెదడుకు తగిలేది కొంచెమే, కలిసిన చోట గడ్డకు పూర్తి దెబ్బ. గామా నైఫ్ యంత్రంలో ఇందుకోసం కిరణాలు వెదజల్లే కోబాల్ట్ మూలాలు రెండు వందల దాకా ఉంటాయి. మాకు ఇచ్చినది లీనియర్ యాక్సిలరేటర్ మీద, అది కరెంటుతో ఎక్స్‌రే కిరణాలు పుట్టించే యంత్రం. యంత్రం పేరు కంటే ఇలాంటి చిన్న గడ్డలకు తరచుగా చేసే బృందం ముఖ్యమని రెండో అభిప్రాయం చెప్పిన డాక్టరు కూడా అన్నారు.

మాస్కు తయారుచేసిన రోజు నేను పక్కనే ఉన్నాను. చిల్లులున్న తెల్లని ప్లాస్టిక్ పలకను వేడినీళ్లలో ముంచారు. అది తడి గుడ్డలా మెత్తబడింది. అమ్మ ముఖం మీద పరిచి, ముక్కు, గడ్డం చుట్టూ వేళ్లతో అదిమారు. కొద్ది నిమిషాల్లో గట్టిపడింది. చికిత్స రోజున ఆ మాస్కును బల్లకు బిగించి, సుమారు అరగంట కదలకుండా పడుకోబెట్టారు. రెండు గడ్డలకూ ఒకే రోజు, 20 గ్రే చొప్పున (గ్రే అంటే రేడియేషన్ మోతాదుకు కొలత). బయటికి వచ్చాక అమ్మ నుదుటి మీద, చెంపల మీద చాప మీద పడుకుని లేచినట్టు గళ్ల అచ్చులు. "ఏమీ తెలియలేదే, అయిపోయిందా?" అని అడిగింది. సాయంత్రానికి ఇంటికి వచ్చేశాం. రెండు మూడు వారాలు నీరసం ఉంది. జుట్టు ఊడలేదు. ఒకటి ముందే చెప్పాలి. నలభై ఏళ్లుగా తీయని ముక్కుపుడకను స్కాన్ గది ముందు తీయడానికి గంట పట్టింది, అమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. అమ్మగారికి అలాంటివి ఉంటే ముందురోజే ఇంట్లో, నెమ్మదిగా, సబ్బునీళ్లతో తీసిపెట్టండి.

ఇక మీ బంధువులు అంటున్న "తల మొత్తానికి రేడియేషన్" సంగతి. సాధారణంగా పది రోజులు, మొత్తం 30 గ్రే. చుక్కలు చాలా ఎక్కువగా ఉన్నవాళ్లకు, మెదడు పొరల్లోకి పాకినవాళ్లకు అది ఇప్పటికీ అవసరమవుతుంది. కానీ ఒకటి రెండు చిన్న చుక్కలకు తొందరపడి ఒప్పుకోకండి. 2016లో ఉత్తర అమెరికాలో 213 మంది మీద చేసిన అధ్యయనం ఫలితాలు వచ్చాయి. మూడు గడ్డల దాకా ఉన్నవాళ్లలో సగం మందికి గురిపెట్టిన రేడియేషన్ (అంటే అమ్మకు చేసిన రేడియోసర్జరీ) మాత్రమే ఇచ్చారు, మిగతావాళ్లకు దానితో పాటు తల మొత్తానికీ ఇచ్చారు. మూడు నెలలకు జ్ఞాపకశక్తి, ఆలోచనల్లో తగ్గుదల మొదటివాళ్లలో 63.5 శాతం మందికి, రెండోవాళ్లలో 91.7 శాతం మందికి కనిపించింది. బతికిన కాలంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. అయితే తల మొత్తానికి ఇవ్వనివాళ్లలో కొత్త గడ్డలు ఎక్కువ వచ్చాయి. అందుకే గురిపెట్టిన రేడియేషన్ దారిలో వెళ్లేవాళ్లు స్కాన్ ఎగ్గొట్టకూడదు. 2014లో వెలువడిన జపాన్ అధ్యయనంలో, 23 ఆసుపత్రుల్లో 1,194 మందిని పరిశీలిస్తే, ఐదు నుంచి పది గడ్డలున్నవాళ్లు రెండు నుంచి నాలుగు ఉన్నవాళ్లతో సమానంగానే బతికారు. కాబట్టి అమ్మగారికి రేపు ఇంకొకటి వచ్చినా దారి మూసుకుపోయినట్టు కాదు, కొత్తదానికి మళ్లీ ఇవ్వవచ్చు.

మరి గడ్డ ఎంతైనా పెరగనివ్వవచ్చా? లేదు. 2 సెంటీమీటర్ల లోపు ఉంటే ఒకే విడతలో 20 నుంచి 24 గ్రే ఇవ్వగలరు. 3 సెంటీమీటర్లు దాటితే చుట్టూ ఉన్న మెదడు తట్టుకోలేదు కనుక మోతాదు 15 దగ్గరికి తగ్గించాలి, లేదా విడతలుగా ఇవ్వాలి, లేదా ఆపరేషన్ చేయాలి. గడ్డ చిన్నగా ఉన్నప్పుడే దెబ్బ గట్టిగా వేయగలరు. మెదడును వెన్నుపాముతో కలిపే మెదడుకాండంలో ఉన్నా, చుట్టూ వాపు ఉన్నా కొలత చిన్నదని ఆగరు. తెల్లవారుజామున తలనొప్పితో వాంతులు, ఒక పక్క చెయ్యి బలహీనపడటం, మాట తడబడటం, ఫిట్స్, ఇందులో ఏది కనిపించినా ఎనిమిది వారాల లెక్క పక్కన పెట్టి అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి.

రేడియేషన్ అయ్యాక కూడా ఒక గండం ఉంది. అది ముందే తెలిస్తే మీరు మాలా కుప్పకూలరు. చికిత్స జరిగిన పది నెలలకు, 3 మిల్లీమీటర్లకు తగ్గిపోయిన మచ్చ ఉన్నట్టుండి 9 అయింది, చుట్టూ వాపు. అమ్మకు కుడిచెయ్యి కొంచెం బరువుగా అనిపించేది, పూల దండ కడుతుంటే దారం జారిపోయేది. జబ్బు తిరిగి వచ్చిందనే అనుకున్నాం. డాక్టరుగారు పర్ఫ్యూజన్ ఎంఆర్‌ఐ చేయించారు. తిరిగి పెరుగుతున్న గడ్డయితే అందులో రక్తప్రవాహం ఎక్కువగా ఉంటుంది. అమ్మది తక్కువగా ఉంది. అంటే రేడియేషన్‌కు చచ్చిన కణజాలం ఉబ్బింది. దీన్ని రేడియేషన్ నెక్రోసిస్ అంటారు, ఆరు నెలల నుంచి ఏడాదిన్నర మధ్య ఎక్కువగా వస్తుంది. మామూలు స్కానులో రెండూ ఒకేలా కనిపిస్తాయి, ఒక్కోసారి పెట్ స్కాన్ కూడా కావాలి. డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఇచ్చారు. చెయ్యి నాలుగు రోజుల్లో తేలికపడింది, షుగరు మాత్రం 340కి చేరింది, రాత్రుళ్లు నిద్ర లేదు. కాబట్టి స్టెరాయిడ్ మొదలైన రోజు నుంచే షుగరు చూడండి, కడుపుకు రక్షణగా మాత్ర అడగండి, సొంతంగా ఒక్కసారిగా ఆపకండి, డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. స్టెరాయిడ్‌కు లొంగనివాళ్లకు బెవాసిజుమాబ్ ఇంజెక్షన్ ఉంది, మాకు అంతదూరం రాలేదు. ఎనిమిది వారాలకు మచ్చ 5కు దిగింది.

ఇప్పుడు అమ్మకు మూడు నెలలకోసారి స్కాన్. దండలు మళ్లీ తనే కడుతోంది. స్కాన్‌కు ముందు వారం ఇంట్లో ఎవరికీ అన్నం సయించదు. అది మాత్రం మూడేళ్లయినా అలవాటు కాలేదు. ఆ వారం అమ్మగారిని ఒంటరిగా ఉంచకండి.

మీరు రిపోర్టు మళ్లీ తీసి చూడండి. పొర మందం ఎంతని రాశారు, కాంట్రాస్ట్ ఇచ్చారా, చుక్కలు మెదడులో ఏ చోట ఉన్నాయి, చుట్టూ వాపు ఉందా. జన్యు పరీక్షలో ఏం వచ్చింది, మాత్ర పేరేమిటి. అమ్మగారి పేరు, ఆసుపత్రి నంబరు తీసేసి ఇక్కడ రాయండి. ఎనిమిది వారాల తర్వాత డాక్టరుగారిని ఏమేమి అడగాలో కలిసి రాసుకుందాం.