నాన్నగారి పేరున ఉన్న ల్యాండ్‌లైన్ నంబరు ఇంటర్నెట్ ఫోన్‌కు మారుతుందా?

ప్రశ్న: మేం న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటాం. 1998లో నాన్నగారు తీసుకున్న ల్యాండ్‌లైన్ ఇంకా ఆయన పేరు మీదే ఉంది. ఆయన పోయి రెండేళ్లయింది. తెనాలిలో ఉన్న మేనత్తలకు మా ఇంటి నంబరంటే అదొక్కటే నోటికి వచ్చు. బిల్లు భరించలేక, అదే నంబరుతో ఇంటర్నెట్ ఫోన్‌కి మారదామనుకున్నాం. పాత బాకీ 140 డాలర్లు కట్టేదాకా నంబరు వదలం అంటున్నారు కంపెనీవాళ్లు. అలా ఆపే హక్కు వాళ్లకుందా? అమ్మ చాలా టెన్షన్ పడుతోంది.

జవాబు: లేదు. అమ్మగారికి ముందు ఆ మాట చెప్పండి.

ఫోన్ నంబరు ఇల్లూ పొలంలా మన ఆస్తి కాదు, కంపెనీ సొత్తూ కాదు. అయితే కంపెనీ మారినా నంబరు మీతోనే ఉండేలా చూసే బాధ్యతను 1996 నాటి టెలికమ్యూనికేషన్స్ చట్టం లోకల్ ఫోన్ కంపెనీల మీద పెట్టింది. 2007లో అమెరికా టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ దాన్ని ఇంటర్నెట్ ఫోన్ కంపెనీలకూ వర్తింపజేసింది. బాకీ ఉందనో, కాంట్రాక్టు మధ్యలో వదిలేస్తున్నారనో నంబరు ఆపడానికి వీల్లేదు. అలాగని బాకీ మాఫీ అయిపోదు, కలెక్షన్ ఏజెన్సీకి పోవచ్చు. నాన్నగారు పోయాక కూడా ఆ ఫోన్ వాడింది మీరే కాబట్టి, 140 డాలర్ల దగ్గర పంతానికి పోకుండా కట్టేయమనే నా సలహా.

మీకు అసలు చిక్కు పేరు దగ్గర వస్తుంది. నంబరును తమకు బదిలీ చేయమని పాత కంపెనీని అడిగేది కొత్త కంపెనీ. మీరిచ్చిన పేరు, చిరునామా, అకౌంట్ నంబరు పాత కంపెనీ రికార్డుతో సరిపోవాలి. అమ్మగారు సంతకం పెట్టి, రికార్డులో నాన్నగారి పేరుంటే దరఖాస్తు వెనక్కి వస్తుంది. ఎవరు చూస్తారులే అని ఆయన సంతకం మీరు పెట్టేయకండి. చాలామంది ఆ పని చేస్తారు, తర్వాత నా దగ్గరికి వస్తారు. మరణ ధ్రువపత్రం నకలు పంపి ముందు కనెక్షన్ అమ్మగారి పేరుకు మార్పించండి. ఆ పేరుతో ఒక బిల్లు వచ్చాకే మిగతా పని. ఎవరూ అనుమతి లేకుండా లైను మార్చకుండా నాన్నగారు ఎప్పుడైనా ‘ఫ్రీజ్’ పెట్టించారేమో కూడా అప్పుడే అడిగి తీయించండి.

పాత కనెక్షన్ మాత్రం మీ అంతట మీరు కట్ చేయించొద్దు. కట్ అయిన నంబరు మళ్లీ దొరుకుతుందన్న భరోసా లేదు. ఒకే లైను ఉన్న మామూలు ఇంటికి, వివరాలన్నీ సరిగా ఉంటే, నిబంధన ప్రకారం ఒక పనిదినంలో నంబరు కొత్త కంపెనీకి మారాలి.

ఇంకో మాట. మీ ఇంట్లో ఇంటర్నెట్ కూడా ఆ ల్యాండ్‌లైన్ రాగి తీగ మీదే (డీఎస్‌ఎల్ అంటారు) వస్తోందా? అయితే నంబరు మారిన రోజున నెట్ పోవచ్చు. నెట్ పోతే కొత్త ఫోనూ మూగే! ముందు వేరే నెట్ కనెక్షన్ పెట్టించుకోండి. ఇంటికి దొంగల అలారం గానీ, అమ్మగారి మెడలో ఎమర్జెన్సీ బటన్ గానీ ఉండి అవి ఈ లైనుకే కలిపి ఉంటే, ఇంటర్నెట్ ఫోన్‌తో పనిచేస్తాయో లేదో వాటి కంపెనీలను అడగండి.

అమెరికా అత్యవసర నంబరు 911 కోసం ఇంటి చిరునామా కొత్త కంపెనీ దగ్గర నమోదు చేయించాలి. ఇల్లు మారితే అదీ మార్చాలి. మరవకండి, పిలిచినప్పుడు అంబులెన్స్ వచ్చేది ఆ చిరునామాకే. కరెంటు పోతే ఈ ఫోన్ పనిచేయదు, బ్యాటరీ ఉండాల్సిందే.

ఇంత చేసినా పాత కంపెనీ మొండికేస్తే ఎఫ్‌సీసీకి ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టండి. ఫీజు లేదు, లాయరూ అక్కర్లేదు. ఫిర్యాదు అందాక కంపెనీ 30 రోజుల్లో జవాబివ్వాలి. బాకీ కట్టేదాకా వదలం అన్నది ఎవరు, ఏ తేదీన అన్నారో రాసి పెట్టుకోండి. వీలైతే ఆ మాట ఈమెయిల్‌లోనో చాట్‌లోనో అనిపించండి.

నంబరు మారే ఒకటి రెండు రోజులు కొన్ని కాల్స్ పాత ఫోన్‌కి, కొన్ని కొత్తదానికి వస్తుంటాయి. తెనాలి నుంచి మేనత్తగారి చేత ఒకసారి చేయించి, కొత్త ఫోన్ మోగిందని చూసుకున్నాకే పాత సెట్టు ప్లగ్గు తీయండి.