మంచం కింద కట్టలు

సింగ్‌నగర్, విజయవాడ

అమ్మాయ్,

నువ్వు సొంతంగా అచ్చు వేయిద్దామనుకుంటున్న హారర్ నవల రెండుసార్లు చదివాను. ముందు అంగారకుడి సంగతి తేల్చుకుందాం.

పద్నాలుగో అధ్యాయంలో అక్కడ చిక్కుకుపోయిన కుర్రాడు బ్రాడీపేటలో ఉన్న తల్లితో వీడియో కాల్‌లో గడగడా మాట్లాడేస్తున్నాడు. ఎలా మాట్లాడతాడమ్మా? అంగారకుడు మనకి బాగా దగ్గరికొచ్చినప్పుడే మాట చేరడానికి మూడు నిమిషాలు పడుతుంది. దూరం జరిగితే 22 నిమిషాల దాకా. "అమ్మా, తలుపు బయట ఏదో ఉంది" అని వాడంటే, "తియ్యొద్దురా" అన్న ఆవిడ మాట వాడి చెవిన పడేసరికి ముప్పావు గంట కావొచ్చు. నువ్వేమో ఎర్ర కళ్ళూ నెత్తుటి మరకలూ పెట్టి నాలుగు పేజీలు అవస్థ పడ్డావు. భయమంతా ఆ ముప్పావు గంటలో ఉంది. తల్లి వైపు నుంచి రాసి చూడు. స్టవ్ మీద పాలు పెట్టి ఉండనీ.

రెండో అధ్యాయంలో పాడుబడ్డ బంగళా, గుడ్లగూబ. వారపత్రికల్లో క్షుద్ర సీరియళ్ళు రాజ్యమేలిన రోజుల్లో నేను గాంధీనగర్‌లో ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవాణ్ణి. ఆ గుడ్లగూబకి ల వత్తు ఎన్నిసార్లు పెట్టానో లెక్కలేదు. అద్దె పుస్తకాల షాపుల్లో అట్టలు ఊడేదాకా తిరిగిన నవలలవి. అప్పుడు చెల్లింది. ఇప్పుడు దాన్ని చూసి ఎవరూ జడవరు.

నాకు నిజంగా భయం వేసిన రాత్రి చెప్తాను. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి మా పేట మీద పడింది. కింది వాటా మునిగింది, మేం పైన. కరెంటు లేదు, ఫోన్లు చచ్చిపోయాయి, చుట్టూ నీళ్ళే గానీ తాగడానికి చుక్క లేదు. రెండో రాత్రి ఎవరూ లేని కింది వాటాలో ఎవరో తలుపు తడుతున్నట్టు చప్పుడు. ఆగుతుంది, మళ్ళీ మొదలవుతుంది. నీళ్ళలో తేలుతున్న గ్యాస్ సిలిండరే అని నాకు తెలుసు. తెలిసి కూడా టార్చి పట్టుకుని మెట్ల దాకా వెళ్ళలేకపోయాను. మర్నాడు ఓ డ్రోన్ వచ్చి డాబా మీద అన్నం పొట్లాలు వదిలింది. ముప్పై ఏళ్ళుగా సైన్స్ ఫిక్షన్ రాస్తున్నవాణ్ణి, నోరెళ్ళబెట్టి చూశాను. మా ఆవిడ మాత్రం పొట్లం విప్పి "పెరుగు పెట్టలేదే" అంది. బంగళా కొట్టేసి, నీకు తెలిసిన వాటా ఒకటి పెట్టు.

ఆ కింది వాటాలోనే, మంచం కింద, నా మొదటి పుస్తకం కట్టలుండేవి. వెయ్యి కాపీలు వేయించాను. పేజీలన్నీ ప్లేట్ల మీదికెక్కించి అచ్చువేసే ఆఫ్‌సెట్‌లో ఆ ప్లేట్ల ఖర్చు వందకైనా వెయ్యికైనా అంతే, ఎక్కువ వేస్తే కాపీ చవగ్గా పడుతుందని అందరూ చెప్తారు. చవగ్గానే పడింది. ఏళ్ళ తరబడి తంటాలు పడి మూడొందలు అమ్మాను, రెండొందలు పంచాను, మిగిలినవి బుడమేరు చదివింది. అందుకే నువ్వు ప్లేట్లతో పనిలేని డిజిటల్ ప్రింటింగ్‌లో వంద వేయించు. కాపీకి ఖర్చు ఎక్కువవుతుంది, కానివ్వు. అయిపోతే మళ్ళీ వంద. అమ్ముడుపోని పుస్తకం ఇంట్లో ఉంటే కొత్తది రాయబుద్ధి కాదు, అది నేను అనుభవించాను.

లేదు, ఆఫ్‌సెటే అంటావా, ఫారాల లెక్క చూసుకో. మామూలు నవలల డెమీ సైజులో ఫారం, అంటే ఒక్క పెద్ద కాగితం మీద అచ్చయ్యేవి, 16 పేజీలు. నీది 164 వచ్చింది. నాలుగు పేజీల కోసం పదకొండో ఫారం ఎక్కిస్తావా? గుడ్లగూబని పంపించేస్తే పదికి సరిపోతుంది.

ఐఎస్‌బీఎన్‌కి, అదే పుస్తకానికిచ్చే గుర్తింపు నంబరుకి, ఎవరో నాలుగు వేలు అడిగారని రాశావు. పైసా ఇవ్వకు. మన దేశంలో అది ఉచితం. రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ ఇస్తుంది, సొంతంగా వేసుకునేవాళ్ళు కూడా ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఇంకొకటి, ఎవరూ చెప్పరు: 1954 నాటి చట్టం ప్రకారం పుస్తకం వచ్చిన 30 రోజుల్లో కలకత్తా నేషనల్ లైబ్రరీకీ మరో మూడు గ్రంథాలయాలకీ మన ఖర్చుతో ఒక్కో ప్రతి పంపాలి. నేను పంపాను. మా ఇంట్లో తడిసిపోయిన పుస్తకం కలకత్తాలో పొడిగా ఉందనుకుంటే కాస్త ఊరట.

కంప్యూటర్లో పేజీలు కూర్చే డీటీపీ ఆయన అచ్చుకి వాడే అను ఫాంట్లలో చేస్తే, ఫోన్లలోనూ నెట్లోనూ చదవడానికి వీలయ్యే యూనికోడ్ ఫైలు కూడా అడిగి తీసుకో. మార్చేటప్పుడు వత్తులు చెదురుతాయి, ప్రూఫు మళ్ళీ మొదటి నుంచీ చూడాలి. విసుగే, తప్పదు.

షాపుల్లో పెడితే నలభై శాతం దాకా కమీషన్, అదీ అమ్ముడుపోయాక. ఎవరి దగ్గర ఎన్ని పెట్టావో నోటుబుక్కులో రాసుకో. నా వంద కాపీలు తీసుకున్న ఒకాయన షాపున్న చోట ఇప్పుడు బిర్యానీ సెంటరుంది. జనవరిలో పుస్తక మహోత్సవం జరిగినన్నాళ్ళూ మాత్రం స్టాల్లో నువ్వే కూర్చో. నా పుస్తకం ఒకావిడ నిలబడి పది పేజీలు చదివింది. వెనక అట్ట చూసి, "దెయ్యాలవి ఇంట్లో పెట్టుకోకూడదండీ" అని జాగ్రత్తగా యథాస్థానంలో పెట్టేసింది. కొనకపోయినా, నా పాఠకురాలు ఆవిడే అనిపించింది.

ఉద్యోగం మానేస్తానన్న ముక్క మాత్రం నాకు నచ్చలేదు. మానకు.

ఆదివారం వీలైతే రా. ఆ అంగారకుడి అధ్యాయం తిరగరాసి, ముందు మీ అమ్మగారికి చదివి వినిపించు. ఆవిడ ఎక్కడ ఆపమందో అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టి తీసుకురా.

మీ మాస్టారు