అమ్మాయి లైఫ్ కోచ్ అవుతానంటోంది

ప్రశ్న: మా అమ్మాయి బీటెక్ చేసి మూడేళ్లుగా హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తోంది. ఇప్పుడది మానేసి లైఫ్ కోచ్ అవుతానంటోంది. ‘నలుగురికి ధైర్యం చెప్పే పని నాన్నా, నాకదే ఇష్టం’ అంటుంది. ఆరు వారాంతాల ఆన్‌లైన్ కోర్సుకు లక్షన్నర అడుగుతున్నారు. నెలాఖరులోపు కడితే ముప్పై వేలు తగ్గిస్తారట. అసలిది ఉద్యోగమేనా?
– ఒక తండ్రి, తెనాలి

జవాబు: ఉద్యోగమేనండీ, మంచి ఉద్యోగం కూడా. జీవితంలో, ఉద్యోగంలో ఏం చేయాలో మనుషులు తామే తేల్చుకునేలా మాట్లాడించే పనే లైఫ్ కోచింగ్. కానీ ఈ నెల ఆ డబ్బు మాత్రం కట్టకండి. మనసుకు సంబంధించిన చదువు చెప్పేవాళ్లు గడువు పెట్టి కంగారుపెట్టి డబ్బు కట్టించుకోవడం నాకు నచ్చని విషయం.

మన దేశంలో లైఫ్ కోచ్ అని బోర్డు పెట్టుకోవడానికి ఏ లైసెన్సూ అక్కర్లేదు. అందుకే ఏ సర్టిఫికెట్‌కు ఎంత విలువుందో మనమే చూసుకోవాలి. కంపెనీలు ఎక్కువగా అడిగేది ఇంటర్నేషనల్ కోచింగ్ ఫెడరేషన్ ఇచ్చే గుర్తింపు. అందులో మొదటి మెట్టు ఏసీసీ (అసోసియేట్ సర్టిఫైడ్ కోచ్). దానికే 60 గంటల శిక్షణ, 100 గంటలు మనుషులతో కూర్చుని కోచింగ్ చేసిన అనుభవం కావాలి. ఆ వందలో 75 గంటలు ఫీజు తీసుకుని చేసినవై ఉండాలి. ఆరు వారాంతాల్లో అయ్యే పని కాదు. ఉద్యోగంలో ఉంటూనే ఇది పూర్తి చేయొచ్చు. టీముల్లో పనిచేసిన అనుభవం ఆ రంగంలో ఆమెకు కలిసొస్తుంది కూడా.

పిల్లలతో, కుంగిపోయినవాళ్లతో పనిచేయాలని ఉంటే మాత్రం దారి వేరు. సైకాలజీలో ఎంఏ లేదా ఎమ్మెస్సీ చేయాలి, రెండేళ్లు. ఉస్మానియాలో, ఆంధ్రా యూనివర్సిటీలో ఉంది. రెగ్యులర్‌గానే చదవాలి, ఎందుకంటే సైకాలజీని దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో కొత్తగా చేర్చుకోవద్దని 2025లో యూజీసీ చెప్పేసింది. క్లినికల్ సైకాలజిస్టు కావాలంటే ఆపైన ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) గుర్తింపున్న కోర్సు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఇక ఉద్యోగాలంటారా, విశాఖలో నీట్ కోచింగ్ తీసుకుంటూ చనిపోయిన ఒక విద్యార్థిని కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో అర్హత ఉన్న కౌన్సెలర్ గానీ, సైకాలజిస్టు గానీ, సోషల్ వర్కర్ గానీ ఒక్కరైనా ఉండాలంది. మన రెండు రాష్ట్రాల్లో ఎన్ని జూనియర్ కాలేజీలు, ఎన్ని హాస్టళ్లు ఉన్నాయో మీకు తెలియనిది కాదు. అక్కడ మంచి మనుషుల అవసరం చాలా ఉంది.

అయితే ఒక్కటి. ‘ధైర్యం చెప్పే పని’ అంది చూశారా, అక్కడ నాకు కొంచెం అనుమానం. నేను కొత్తగా ఈ కౌన్సెలింగ్ పనిలోకి వచ్చినప్పుడు ఒక ఇంటర్ కుర్రాడు వచ్చాడు. వీక్లీ టెస్టుల్లో ర్యాంకు పడిపోయిందని సెక్షన్ మార్చారు. కూర్చున్న దగ్గర్నుంచి మంచినీళ్ల సీసా మీది లేబుల్‌ను గోటితో గీకుతున్నాడు. నేను ఇరవై నిమిషాలు ధైర్యం చెప్పాను. ‘సరే సార్’ అని వెళ్లిపోయాడు. వారానికి వాళ్లమ్మ మళ్లీ తీసుకొచ్చింది. ఈసారి ఒక్కటే అడిగాను, ‘కొత్త సెక్షన్‌లో ఎవరి పక్కన కూర్చుంటున్నావు?’ అని. చాలాసేపు ఏమీ అనలేదు. నేనూ ఆగాను. లేబుల్ సగం ఊడాక, ‘ఎవరి పక్కనా కాదు సార్. అన్నం కూడా ఒక్కణ్నే తింటున్నా’ అన్నాడు. ర్యాంకు కంటే అదే వాణ్ని కుంగదీస్తోంది. ఆ తర్వాత తనే చెప్పాడు, పాత సెక్షన్ స్నేహితుడితో రాత్రి మెస్‌లో కలిసి తింటానని. నేనిచ్చిన సలహా కాదది. మెల్లగా తేరుకున్నాడు.

మీ అమ్మాయికి ఈ ఓపిక ఉందా? కనుక్కోవడం కష్టమేమీ కాదు. స్నేహితులు కష్టమొస్తే ఆమెకు ఫోన్ చేస్తారా? చేసినప్పుడు ఎక్కువసేపు మాట్లాడేది వాళ్లా, ఆమెనా? సికింద్రాబాద్‌లో మానసికంగా కుంగినవాళ్ల మాట వినే రోష్ని హెల్ప్‌లైన్ వాలంటీర్లతోనే నడుస్తుంది. అలాంటి చోట శిక్షణ తీసుకుని కొన్ని నెలలు వారాంతాల్లో కూర్చోమనండి. పైసా ఖర్చుండదు, పని ఎలాంటిదో తెలుస్తుంది. వారాల తరబడి నిద్రపోనివాళ్లు, బతకాలని లేదనేవాళ్లు ఎదురైతే అది కోచింగ్‌తో తీరేది కాదని, వెంటనే డాక్టరుకో, 24 గంటలూ పలికే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కో చేర్చాలని కూడా అక్కడే అలవాటవుతుంది.

ఇంకో మాట, ఇది మీకు. ఉద్యోగం మానేస్తాననడం వెనక ఈ ఇష్టం ఎంతుందో, ఆఫీసు టెన్షన్ ఎంతుందో నాకు ఇక్కడినుంచి కనపడదు. ఈసారి ఇంటికి వచ్చినప్పుడు కోర్సు ఊసెత్తకండి. ‘ఆఫీసులో ఎలా ఉందమ్మా?’ అని అడిగి, ఆమె చెప్పడం పూర్తయ్యేదాకా వినండి. తను ఏం చెప్పిందో నాకు రాయండి, ఏ దారి అన్నది అప్పుడు మాట్లాడుకుందాం.