అది రక్తంలో లేదమ్మా

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

బర్మింగ్‌హామ్ నుంచి నువ్వు పంపిన వ్యాసం, పంజాబీల ఆటాపాటా భాంగ్రా మీద రాసింది, రెండుసార్లు చదివాను. మొదటి పేజీలోనే కోపం వచ్చింది. "భాంగ్రా పంజాబీల రక్తంలోనే ఉంది" అని రాశావు. ఆ వాక్యం కొట్టెయ్యి. రక్తంలోనే ఉంటే ఎవరూ నేర్చుకోనక్కర్లేదు, కష్టపడనక్కర్లేదు, నీకు రాయడానికీ ఏమీ మిగలదు.

పాములా మెలికలు తిరిగే ఆట కాబట్టి భుజంగీ గ్రూప్ అనే భాంగ్రా బృందానికి ఆ పేరు వచ్చిందన్నావు. మన తెలుగు చెవికి అలాగే వినిపిస్తుంది. కానీ సిక్కుల వాడుకలో భుజంగి అంటే కుర్రాడు. మీ ఊళ్లో ఏ గురుద్వారాలో అడిగినా చెప్పేవాళ్లు. అడగకుండా ఊహించి రాస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఆ కుర్రాళ్లు 1967లో మీ బర్మింగ్‌హామ్ పక్కనున్న స్మెథిక్‌లో జట్టు కట్టారు. ఆ రోజుల్లో స్మెథిక్ ఎలా ఉండేదో నువ్వు ఒక్క ముక్క రాయలేదు. ఇనుము కరిగించి పోతపోసే ఫౌండ్రీలు, వాటిలో ఒళ్లు కాలే పనులు ఎక్కువగా పంజాబీలవి. 1964 ఎన్నికల్లో అక్కడ వలస వచ్చినవాళ్ల మీద ద్వేషాన్నే ప్రచారం చేసి ఓట్లడిగారు. మార్షల్ స్ట్రీట్‌లో ఇళ్లు కొని తెల్లవాళ్లకే ఇవ్వాలని కౌన్సిల్ చూస్తుంటే, 1965 ఫిబ్రవరిలో అమెరికా నల్లజాతి నాయకుడు మాల్కమ్ ఎక్స్ వచ్చి ఆ వీధిలో నడిచాడు. ఆ తర్వాత రెండేళ్లకే అదే ఊళ్లో పంజాబీ పాట లేచింది. ఇంత కథ వదిలేసి రక్తమంటావేం తల్లీ?

పాట కంటే ముందు పని రాయాలి. నా మొదటి వ్యాసం ఒక సన్నాయి విద్వాంసుడి మీద. ఆయన పొద్దున్నే నాలుగింటికి లేచి సాధన చేసి, పొలానికి వెళ్లి, సాయంత్రం పెళ్లిళ్లకు పోయేవాడు. ఒక్కో పెళ్లికి ఎంత ముట్టేదో, అందులో డోలు ఆయనకు ఎంత పోయేదో అన్నీ రాశాను. అప్పటి ఒక వారపత్రిక ఎడిటరు ఆ లెక్కలన్నీ కోసేసి, "రక్తంలో రాగం" అని శీర్షిక పెట్టి అచ్చేశాడు. అది చదివి ఆ పెద్దాయన, "నా నలభై ఏళ్ల సాధన ఏమైంది బాబూ?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. ఆ ఎడిటరును ఇప్పటికీ క్షమించలేదు. ఇప్పుడు "మూలాలు", "అస్తిత్వం" అని రాసేవాళ్లు కూడా అదే కోత కోస్తున్నారు.

లండన్‌లో పంజాబీల పేట సౌతాల్ గురించీ అంతే. ఛన్నీ సింగ్ 1977లో అలాప్ అనే భాంగ్రా బృందాన్ని మొదలుపెట్టాడన్నావు, ఆ తర్వాత "తేరీ చున్నీ దే సితారే" ఆల్బమ్ వచ్చిందన్నావు, సరే. 1979 ఏప్రిల్ 23న అక్కడే, వలస వచ్చినవాళ్లను వెళ్లగొట్టాలనే నేషనల్ ఫ్రంట్ పార్టీ సభను అడ్డుకోవడానికి జనం వీధుల్లోకి వచ్చారు, ఆ గొడవలో బ్లెయిర్ పీచ్ అనే టీచర్ చనిపోయాడు. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూడు. కేసెట్లు చీరల కొట్లలో, కిరాణా కొట్లలో అమ్ముడయ్యేవి కాబట్టి బ్రిటిష్ పాటల చార్టుల లెక్కలోకి రాలేదు. దాన్ని నువ్వు ఒక్క వాక్యంలో దాటేశావు. పగటిపూట జరిగే భాంగ్రా డిస్కోల గురించి మాత్రం రెండు పేజీలు! స్కూలు ఎగ్గొట్టి వెళ్లిన పిల్లల కబుర్లు సరదాగానే ఉంటాయి, సగం తగ్గించు.

మొహిందర్ కౌర్ భమ్రా పేరు ఎక్కడా లేదు. ఇది నాకు మరీ బాధగా ఉంది. సౌతాల్ పెళ్లిళ్లలో పాడిన మనిషి ఆవిడ. కొడుకు కుల్జీత్ చిన్నప్పటి నుంచే పక్కన తబలా వాయించేవాడు. మగవాళ్లు ఆడుతుంటే ఆడవాళ్లు ఒక పక్కన కూర్చునే చోట, మీరూ లేచి రండి అని పిలిచింది. 1982లో తల్లీకొడుకులు సింథసైజర్, డ్రమ్ మెషిన్ పెట్టి "పంజాబీ డిస్కో" రికార్డు చేశారు. పెళ్లి పందిట్లో పాడి తెచ్చుకున్న బతుకు అది. ఆడపిల్లవై ఉండీ నువ్వే ఆవిడను వదిలేస్తే ఎలా?

ఏ పత్రికకు పంపాలని అడిగావు, తర్వాత చూద్దాం.

నీ వ్యాసంలో ఒక్క వాక్యం నన్ను పట్టుకుంది. మీ ఇంటి ఓనరు, ఆ సర్దార్జీ తాతగారు, టేప్ రికార్డర్ పాడైపోయినా కేసెట్ల పెట్టె పారేయలేదన్నావు. ఈ ఉత్తరం దాని కోసమే రాస్తున్నాను. ఆయన ఫౌండ్రీలో పనిచేశారన్నావుగా, షిఫ్టు ఎన్నింటికి మొదలయ్యేదో, వారానికి ఎన్ని పౌన్లు ఇచ్చేవారో, అందులోంచి మొదటి కేసెట్ ఏ కొట్లో కొన్నారో ఆయన్నే అడిగి నాకు రాయి.